చెరువు ఎంత మిగిలిందో మనమే లెక్కగట్టవచ్చా?

ప్రశ్న: చిత్తూరు జిల్లా నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన కుటుంబం మాది. మా లేఅవుట్ వెనక ఉన్న చెరువు ఏటికేడు చిక్కిపోతోందని మా వాళ్లంతా అనుకుంటున్నారు గానీ, ఎవరి దగ్గరా ఆధారం లేదు. అందరికీ ఉచితంగా దొరికే ఉపగ్రహ చిత్రాలతో మాలాంటి వాళ్లం ఈ మార్పును చూపించగలమా? సుస్థిరాభివృద్ధి లక్ష్యాల లెక్కల్లో అది పనికొస్తుందా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: చూపించగలరు. 2015లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన 17 లక్ష్యాల్లో ఆరవది నీటికి సంబంధించినది, అందులోని 6.6.1 అనే సూచిక చెరువులు, నదులు, చిత్తడి నేలల వంటి వాటి విస్తీర్ణం కాలక్రమంలో ఎలా మారిందో చెబుతుంది. దేశాల స్థాయిలో ఈ లెక్కకు వాడే ఉపగ్రహ చిత్రాలే మీకూ ఉచితంగా దొరుకుతాయి. అమెరికా తన ల్యాండ్‌శాట్ చిత్రాలను 2008లో అందరికీ తెరిచింది. ఐరోపా వారి సెంటినెల్-2 చిత్రాలు 2015 నుంచి ఉన్నాయి. వీటిని పరిచి చూసుకోవడానికి క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు.

అయితే చిత్రంలోని ఒక్కో గడి నేల మీద ఎంత ఉంటుందో ముందే తెలుసుకోవాలి. సెంటినెల్ గడి పది మీటర్ల చదరం, అంటే మన లెక్కలో దాదాపు ఒక గుంట (ఎకరంలో నలభయ్యో వంతు). ల్యాండ్‌శాట్ గడి ముప్పై మీటర్ల చదరం, సుమారు తొమ్మిది గుంటలు. అందువల్ల చెరువు అంచున ఎవరో రెండు గుంటలు కలిపేసుకున్నారన్న ఫిర్యాదుకు ఈ చిత్రాలు సాక్ష్యం కావు. పది ఎకరాల నీరు తగ్గిందంటే మాత్రం నమ్మకంగా చూపిస్తాయి. పైగా చిత్రం చెప్పేది ఆ రోజున్న నీటి గురించే తప్ప చెరువు హద్దు గురించి కాదు. హద్దు కావాలంటే రెవెన్యూ వారి గ్రామ పటాన్ని, సర్వే నంబరును పక్కన పెట్టుకోవలసిందే.

పోల్చేటప్పుడు ప్రతి ఏడాదీ ఒకే నెల తీసుకోండి. వానాకాలంలో మబ్బులు అడ్డొస్తాయి కనుక జనవరి, ఫిబ్రవరి నెలలు మేలు. ఒక ఏడాది అక్టోబరును మరో ఏడాది ఏప్రిల్‌తో పోలిస్తే, ఏ చెరువైనా ఎండిపోయినట్టే కనిపిస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. ఒకసారి నేను ఒక చెరువు చిత్రాలను వరుసగా పేర్చి చూస్తుంటే నీటి నడుమ పెద్ద పొలంలాంటిది కనిపించింది. మట్టి పోసి పూడ్చేశారేమోనని ఆదుర్దాగా కట్ట మీదికి వెళ్లాను. లేత ఊదా పూలతో గుర్రపుడెక్క దట్టంగా పరచుకుని ఉంది; కర్రతో పక్కకు నెడితే కింద నల్లటి నీరు కదిలింది. కంటికి కనిపించని పరారుణ కాంతిని నీరు దాదాపుగా మింగేస్తుంది, పచ్చని ఆకు బలంగా తిప్పి పంపుతుంది. ఉపగ్రహం ఆ తేడాతోనే నీటిని గుర్తు పడుతుంది కాబట్టి గుర్రపుడెక్క కమ్మిన నీరు దానికి నేలగానే తోస్తుంది. ఆ కలుపు తీసేసిన మరుసటి నెలలో చెరువు పెరిగిందన్న లెక్క వస్తుంది, అదీ తప్పే. మురుగునీటితో గుర్రపుడెక్క పెరిగే మన బెంగళూరు చెరువుల విషయంలో ఈ పొరపాటు చిన్నది కాదు. అందుకే చిత్రం తీసిన రోజుల్లోనే మీలో ఒకరు కట్ట మీద, అలుగు దగ్గర, రాజకాలువ (వాన నీటిని చెరువుకు తెచ్చే పెద్ద కాలువ) కలిసే చోట నిలబడి ఫొటోలు తీసి, తేదీ వేసి దాచండి. ఉపగ్రహ లెక్కకు ఆ ఫొటోలు తోడైతే అధికారులు తోసిపుచ్చడం కష్టం.

ప్రశ్న: మా వీధికి బస్టాపు 300 మీటర్ల దూరంలోనే ఉన్నట్టు పటం చూపిస్తోంది. నడిస్తే పావుగంట పడుతోంది. ఏది నిజం?
– మరొక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: మీ కాళ్లు చెప్పేదే నిజం. పైన చెప్పిన ఐక్యరాజ్య సమితి లక్ష్యాల్లో నగరాలకు సంబంధించిన పదకొండవ లక్ష్యంలోని 11.2.1 సూచిక బస్టాపు 500 మీటర్ల లోపు, మెట్రో లేదా రైలు స్టేషను కిలోమీటరు లోపు ఉన్న జనాభా ఎంతో అడుగుతుంది. ఆ దూరాన్ని వీధుల వెంట నడిచే దారిలో కొలవాలి. బస్టాపు చుట్టూ వృత్తం గీసి కొలిస్తే, నడుమనున్న అపార్టుమెంటు ప్రహరీలు, దాటలేని రింగు రోడ్డు లెక్కలోకి రావు. ఇంటర్నెట్‌లో అందరూ కలిసి గీసే ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను ఎవరైనా సరిదిద్దవచ్చు. మీ వీధిలో మూసి ఉంచే గేటును, దాటడానికి వీలైన చోటును, పటంలో లేని బస్టాపును మీరే చేర్చండి. ఆ తర్వాత దారి వెంట దూరం చూస్తే మీ పావుగంట నడక ఆ పటంలోనూ కనిపిస్తుంది.