తేగలో చందమామ, మా నాన్న దొంగాట

చనిపోయిన మన అమ్మానాన్నల గురించి మన పిల్లలకి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అని అడిగారు. ఎలా చెప్పకూడదో మాత్రం నాకు బాగా తెలుసండి. "మీ తాతయ్య ఎంతో కష్టపడి మమ్మల్ని పెంచాడు" అని మొదలెట్టకండి. నేను మూడేళ్ళు అదే చెప్పాను. మా అమ్మాయికి తాతయ్యంటే గోడ మీద దండేసిన ఫోటో, ఏడాదికోసారి గారెలు, అంతే. ఆ ఫోటో కూడా ఏం ఫోటో లెండి, స్టూడియో కుర్రాడు ఆయనకి కోటు తొడిగించేశాడు. జన్మలో కోటు మొహం చూడని మనిషికి!

మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. భాద్రపదంలో కాలవగట్టు మీద రాలిన తాటిపళ్ళు తెచ్చుకుని, రొట్టెకీ గారెలకీ గుజ్జు తీసుకున్నాక టెంకల్ని నాన్న పెరట్లో ఇసుకలో పాతర వేసేవాడు. మూడు నెలలకి తేగలు. కుండలో పెట్టి కాలిస్తే వాసన వీధి చివరిదాకా పోయేది. (ఇప్పుడు కుక్కర్లో ఉడకేస్తున్నారు. అవి తేగలు కావు, ఉప్పేసిన పీచు.)

తేగని నిలువునా చీలిస్తే మధ్యలో సన్నగా, లేతగా ఒక మొవ్వ ఉంటుంది. దాన్ని చందమామ అంటాం. మా వీధిలో నాన్నలందరూ దాన్ని తీసి పిల్లలకి పెట్టేవాళ్ళు. మా నాన్న పెట్టేవాడు కాదు. పందెం వేసేవాడు. ఆయన కొస చీల్చాక చెరో బద్ద పట్టుకుని లాగాలి, చందమామ ఎవరి బద్దకి ఉండిపోతే వాళ్ళది. ఎప్పుడూ ఆయనకే! చీల్చేటప్పుడే బొటనవేలి గోరు లోపలికి దూర్చి చందమామని తనవైపు నొక్కేసేవాడని కనిపెట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఏడిస్తే, "ఆట ఆటే అమ్మడూ" అంటూ నా ఎదురుగానే నమిలేవాడు.

1996 నవంబరు 6 తుఫాను కోనసీమ వాళ్ళెవరికీ చెప్పక్కర్లేదు. మా కొబ్బరితోటలో నలభై మూడు చెట్లకి తొమ్మిది మిగిలాయి. నష్టం రాసుకోడానికి వచ్చినాయన చెప్పులకి బురదవుతుందని రోడ్డు మీద నుంచే లెక్క రాసుకుపోయాడు, ఆ మంట నాకింకా చల్లారలేదు. నాన్న వారం రోజులు అరుగు మీద కూర్చుని ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత గొడ్డలి తీసుకుని, పడిన చెట్లు కొట్టడం మొదలెట్టాడు.

డిసెంబరులో ఒక సాయంత్రం అమ్మే పాతర తవ్వి తేగలు కాల్చింది. కరెంటు ఇంకా రాలేదు. కిరసనాయిలు దీపం పక్కన నాన్న ఒక తేగ కొస చీల్చి, ఏమీ అనకుండా ఒక బద్ద నావైపు పెట్టాడు. లాగాను. చందమామ నాకొచ్చింది.

కావాలనే వదిలేశాడే అంటుంది మా అమ్మ ఇప్పటికీ. నేనొప్పుకోను. మా నాన్న అలాంటి మనిషి కాదు. చెట్లు కొడుతుంటే ఆయన బొటనవేలి గోరు ఊడింది, ఆ రోజు వేలికి గుడ్డ కట్టి ఉంది, నేను చూశాను.

మొన్న సంక్రాంతికి వెళ్ళి హైదరాబాద్ తిరిగొస్తూ రావులపాలెంలో తేగల కట్ట కొన్నాను (రేటు అడక్కండి). కార్లోనే మా అమ్మాయితో పందెం వేసి, గోరు దూర్చాను. రెండో తేగకే పట్టేసింది. "అమ్మా, చీటింగ్!"

"మీ తాతయ్యే నేర్పాడే."

"తాతయ్య చీటింగ్ చేసేవాడా?"

ఇక సూర్యాపేట దాకా ప్రశ్నలే. అమ్మమ్మని కూడా మోసం చేసేవాడా, పేకాటలో కూడానా, ఎవరూ కొట్టలేదా అని. మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన గురించి తనంతట తాను అడగని పిల్ల.

ఇంటికొచ్చాక స్టూలెక్కి ఆ కోటు ఫోటో దగ్గర ఒక తేగ బద్ద పెట్టింది. చందమామ తను తినేసి.