ఇస్తాంబుల్‌లో నేలమాళిగ మసీదు

ప్రశ్న: ఇస్తాంబుల్ వెళ్లినప్పుడు లాలేలిలో 'బోద్రుమ్ జామీ' అనే చిన్న ఇటుకల మసీదు చూశాం. అది ఒకప్పుడు చర్చి అట, నిజమేనా? ఆ పేరెందుకు?

జవాబు: నిజమేనండీ. 10వ శతాబ్దంలో బైజాంటిన్ చక్రవర్తి మొదటి రోమనోస్ తన రాజభవనం పక్కనే కట్టించిన చర్చి అది, 922లో చనిపోయిన ఆయన భార్య థియొడోరాను, తర్వాత 948లో ఆయన్నీ అక్కడే సమాధి చేశారు. ఆ రాజభవనం ఎత్తుకు సమంగా రావాలని కింద ఒక అంతస్తు లేపి, దాని మీద చర్చి నిలబెట్టారు. టర్కిష్‌లో బోద్రుమ్ అంటే నేలమాళిగ, పేరు అలా వచ్చిందే. 1500 ప్రాంతంలో ఒట్టోమన్ మంత్రి మెసిహ్ పాషా దాన్ని మసీదు చేశాడు. నాకైతే బయటి గోడల్లోంచి అర్ధచంద్రాకారంలో ఉబ్బినట్టు కనిపించే ఆ ఇటుక స్తంభాలంటే ప్రాణం, ఈసారి వెళ్తే లోపలికి పోయేముందు ఒకసారి చుట్టూ తిరిగి చూడండి.