టెక్ సందేహాలు: ఇంట్లో కోనియో డాట్ హెచ్ ఎందుకు దొరకదు?

సార్, ల్యాబ్‌లో టర్బో సి మీద చక్కగా నడిచిన ప్రోగ్రామ్‌ని ఇంట్లో ఉబుంటు ల్యాప్‌టాప్‌లో కంపైల్ చేస్తే ‘కోనియో డాట్ హెచ్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అంటోంది. ఆ ఫైల్ ఎక్కడ డౌన్‌లోడ్ చేసుకోవాలి?
– బీటెక్ ఫస్టియర్ విద్యార్థి, కాకినాడ

ఎక్కడా వద్దు. దాన్ని ఇన్‌క్లూడ్ చేసే ఆ లైన్ తీసేయండి. కోనియో అనే ఈ హెడర్ ఫైల్ సి భాష ప్రమాణంలో లేదు, డాస్ రోజుల్లో కంపైలర్లతో పాటు వచ్చిన సరుకు. టర్బో సి పుట్టింది 1987లో. పాత డాస్ ప్రోగ్రామ్‌లను నేటి కంప్యూటర్లలో నడిపే డాస్‌బాక్స్ పెట్టి మరీ దాన్ని ఇంకా బతికిస్తున్న ల్యాబ్‌లు ఉన్నాయి! మీ ప్రోగ్రామ్‌లో కోనియో అవసరమైనవి బహుశా రెండే: మొదట్లో తెర తుడిచే సీఎల్ఆర్‌ఎస్‌సీఆర్, చివర్లో గెట్‌సీహెచ్. అవి కూడా తీసేయండి. గెట్‌సీహెచ్ పెట్టేది అవుట్‌పుట్ మాయం కాకుండా ఆపడానికే. టెర్మినల్‌లో ఆ బాధ లేదు. పనిలో పనిగా ‘వాయిడ్ మెయిన్’ని ‘ఇంట్ మెయిన్’ చేసేయండి.

అసలు హ్యాష్ ఇన్‌క్లూడ్ ఏం చేస్తుందో ఒకసారి కళ్లారా చూస్తే ఈ టెన్షన్ సగం పోతుంది. కంపైలర్ అసలు పని మొదలయ్యేలోపే ప్రీప్రాసెసర్ మీ ఫైల్‌ని చదువుతుంది. ఇన్‌క్లూడ్ కనిపిస్తే ఆ ఫైల్ తెరిచి, అందులో ఉన్నదంతా ఆ లైన్ స్థానంలో పోసేస్తుంది. అంతే, కాపీ పేస్ట్. (సి తొలి రోజుల్లో, 1972-73 ప్రాంతంలో, ఈ ప్రీప్రాసెసర్‌కి వచ్చిన పనులు రెండే: ఇన్‌క్లూడ్, మామూలు డిఫైన్.) హలో వరల్డ్ ఫైల్ తీసుకుని ‘జీసీసీ’ (మీ ఉబుంటులో వాడే సి కంపైలర్), ఆ తర్వాత హైఫన్, క్యాపిటల్ ఈ, ఫైల్ పేరు కొట్టండి. వందల లైన్లు గిర్రున తిరిగి, అట్టడుగున మీ మెయిన్ కనిపిస్తుంది. పైకి వెళ్లి ప్రింట్‌ఎఫ్ కోసం వెతకండి. ఒక్క లైన్, చివర సెమీకోలన్. లోపల ఏం చేస్తుందో ఎక్కడా ఉండదు. హెడర్ ఫైల్ శుభలేఖ లాంటిది: పేర్లు, ముహూర్తం అందులో ఉంటాయి, భోజనం మాత్రం కల్యాణమండపంలోనే.

మ్యాథ్ డాట్ హెచ్ ఇన్‌క్లూడ్ చేసినా ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు ఎస్‌క్యూఆర్‌టీ’ అని వస్తోంది. విచిత్రంగా, 25 అని నేరుగా ఇస్తే మాత్రం పనిచేస్తోంది!
– డిగ్రీ విద్యార్థిని, నిజామాబాద్

మీకు శుభలేఖ అందింది, మండపం అడ్రస్ అందలేదు. ఈ ఎర్రర్ ఇస్తున్నది కంపైలర్ కాదు, లింకర్, అంటే లైబ్రరీలో ఉన్న అసలు కోడ్‌ని మీ ప్రోగ్రామ్‌కి కలిపేది. కమాండ్ చివర, ఫైల్ పేరు తర్వాత, హైఫన్ ఎల్ఎం చేర్చండి, మ్యాథ్ లైబ్రరీని కలపమని చెప్పినట్టు. 25 సంగతంటారా, అది మారని సంఖ్య కాబట్టి వర్గమూలం 5 అని జీసీసీ కంపైల్ చేసేటప్పుడే లెక్కగట్టి పెట్టేస్తుంది. ఇక లైబ్రరీతో పనేముంది? స్కాన్‌ఎఫ్‌తో తీసుకున్న సంఖ్య దగ్గర ఆ వీలు లేదు.

నేను రాసుకున్న స్టూడెంట్ డాట్ హెచ్‌ని యాంగిల్ బ్రాకెట్లలో పెడితే దొరకడం లేదు. కోట్స్‌లో పెడితే దొరికింది కానీ, ‘రీడెఫినిషన్ ఆఫ్ స్ట్రక్ట్ స్టూడెంట్’ అంటోంది.
– ఎంసీఏ విద్యార్థి, హైదరాబాద్

బ్రాకెట్లు పెడితే సిస్టమ్ హెడర్లుండే ఫోల్డర్లలోనే వెతుకుతుంది. కోట్స్ పెడితే ముందు మీ ఫైల్ ఉన్న ఫోల్డర్‌లో చూసి, లేకపోతే అక్కడికి వెళ్తుంది. రెండో ఎర్రర్‌కి కారణం, మీరు ఇన్‌క్లూడ్ చేసిన ఇంకో హెడర్ కూడా స్టూడెంట్‌ని ఇన్‌క్లూడ్ చేసి ఉంటుంది. కాపీ పేస్ట్ రెండుసార్లు జరిగింది, స్ట్రక్ట్ రెండుసార్లు వచ్చింది. హెడర్ మొదట్లో ‘ఇఫ్ఎన్‌డెఫ్ స్టూడెంట్ అండర్‌స్కోర్ హెచ్’, కింద అదే పేరుతో డిఫైన్, చిట్టచివర ఎండిఫ్ పెట్టండి, మూడింటికీ ముందు హ్యాష్ మరవకండి. రెండోసారి వచ్చినప్పుడు లోపలిదంతా దాటేస్తుంది. ‘ప్రాగ్మా వన్స్’ అనే ఒక్క లైన్‌తోనూ సరిపెట్టుకోవచ్చు. ప్రమాణంలో లేకపోయినా నేటి కంపైలర్లు దాదాపు అన్నీ ఒప్పుకుంటాయి.

ఒక్క జాగ్రత్త. ఈ హెడర్‌ని కాపీ చేసి మార్క్స్ డాట్ హెచ్ తయారుచేస్తే, లోపల ఇఫ్ఎన్‌డెఫ్, డిఫైన్ పక్కనున్న పేరు (దీన్నే గార్డ్ అంటారు) కూడా మార్చండి. లేకపోతే రెండో హెడర్‌ని చడీచప్పుడు లేకుండా దాటేస్తుంది. ఫైల్ ఉంటుంది, ఇన్‌క్లూడ్ ఉంటుంది, కంపైలర్ మాత్రం అలాంటి టైపే తెలియదంటుంది. దీని పుణ్యమా అని నాకు ఓ ఆదివారం మధ్యాహ్నమంతా పోయింది.