పాస్‌వర్డ్ మూడుసార్లు మార్చారు సరే, లోపల ఎవరున్నారో చూశారా?

మీరు అడిగింది ఇదీ: "రెండు నెలల్లో జీమెయిల్, ఫేస్‌బుక్ పాస్‌వర్డ్‌లు మూడుసార్లు మార్చాను. అయినా నా విషయాలు ఎవరికో తెలిసిపోతున్నాయి. ఇంకెంత గట్టి పాస్‌వర్డ్ పెట్టుకోవాలి?"

ఎంత గట్టిది పెట్టినా లాభం లేదండీ. మీరు వీధి తలుపు తాళాలు మారుస్తున్నారు. వచ్చినవాడు వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నాడు.

నేను కంప్యూటర్లు చదివినవాణ్ణి కాదు. తెనాలిలో పదిహేనేళ్ళు నెట్ సెంటర్ నడిపాను. జిరాక్సు, లామినేషన్, హాల్ టికెట్లు, పాన్ కార్డు అప్లికేషన్లు అన్నీ చేశాం. మా చుట్టుపక్కల నాలుగు వీధుల్లో సగం జీమెయిల్‌లు నేను తెరిచినవే. "పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారు?" అంటే "నీకేది బాగుంటే అది పెట్టు బాబూ" అనేవాళ్ళు. వాళ్ళ ఫోన్ నంబరే పెట్టేసి, అప్లికేషన్ వెనక పెన్సిల్‌తో రాసి ఇచ్చేవాణ్ణి. తప్పే, ఒప్పుకుంటున్నాను. సొంతంగా పెట్టుకున్నవాళ్ళు మాత్రం ఏం వెలగబెట్టారు? పెద్దబ్బాయి పేరు, ఒక ఎట్, ఒకటి రెండు మూడు.

అయినా ఆ పదిహేనేళ్ళలో నేను చూసిన గొడవల్లో పాస్‌వర్డ్ ఊహించి లోపలికొచ్చినవాడు ఒక్కడూ లేడు. అన్నీ తెరిచి వదిలేసిన ఖాతాలే. ఒక సంగతి చెప్తాను, మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

2023 సంక్రాంతి వెళ్ళిన వారం. ఎనిమిదో తరగతిలో నాకు లెక్కలు చెప్పిన మాస్టారు షాపుకొచ్చారు. మొహం వాడిపోయి ఉంది. "ఒరేయ్, నా ఫోన్‌లో ఎవడో ఉన్నాడ్రా" అన్నారు.

విషయం ఏమిటంటే, ఆయనకు గుంటూరు రోడ్డు వైపు రెండు వందల గజాల స్థలం ఉంది. గజం పద్దెనిమిది వేలు చెప్తున్నారు. బెంగళూరులో ఉన్న కొడుకు వాట్సాప్‌లో "పదిహేను దాకా దిగినా పర్వాలేదు నాన్నా" అని రాశాడు. ఆ మాట తండ్రీకొడుకులకు తప్ప మూడో మనిషికి తెలియదు. తర్వాత వచ్చిన ముగ్గురు బేరగాళ్ళూ పదిహేను దగ్గరే కూర్చున్నారు. ఒక్క రూపాయి కదలరు. మాస్టారి అనుమానం అల్లుడి మీదికి పోయింది. పండగకి వచ్చినప్పుడు ఫోన్ చూశాడేమోనని. జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చారు. ఫోన్ లాక్ మార్చారు. అల్లుడితో మాటలు తగ్గించారు.

"ఇంకేమైనా తేడాగా ఉందా మాస్టారూ?" అన్నాను.

కాసేపు ఆలోచించి, "మావాడు అప్పుడప్పుడూ, మెసేజ్ చూసి కూడా జవాబివ్వవేంటి నాన్నా అంటున్నాడ్రా. నేను తెరవనే లేదు, వాడికేమో నీలం టిక్కులు పడ్డాయంట" అన్నారు.

నాకు చెయ్యి చల్లబడింది. ఫోన్ తీసుకుని వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచాను, అంటే ఆ వాట్సాప్ ఇంకా ఏయే పరికరాల్లో తెరిచి ఉందో చూపించే జాబితా. ఒకే ఒక్క పేరుంది: గూగుల్ క్రోమ్, విండోస్. చివరిసారి వాడినది ఆ రోజు పొద్దున 11:42కి.

గోడ గడియారం చూశాను. పన్నెండున్నర. తలెత్తితే ఎదురుగా మా షాపు మూడో నంబరు కంప్యూటర్.

జరిగింది ఇదీ. నవంబరులో మాస్టారు పింఛనుకి లైఫ్ సర్టిఫికెట్ పని మీద వచ్చారు. ఏదో కాగితం వాట్సాప్‌లో ఉంటే, ప్రింటు కోసం మా కుర్రాడు మూడో నంబరులో వాట్సాప్ వెబ్ (ఫోన్‌లోని వాట్సాప్‌ని కంప్యూటర్‌లో చూపించే సైటు) తెరిచి ఆయన చేత స్కాన్ చేయించాడు. ప్రింటు తీశాడు, ట్యాబ్ మూసేశాడు. ట్యాబ్ మూసేస్తే లాగౌట్ అయిపోతుందని మావాడి నమ్మకం. మీలో చాలామందిదీ అదే నమ్మకమని నాకు తెలుసు. అవదు. మళ్ళీ ఆ సైటు ఎవరు తెరిచినా మాస్టారి మాటలన్నీ వరసగా కనబడతాయి. ఇక మూడో నంబరులో రోజూ కూర్చునేది ఎవరనుకున్నారు? ఈసీలు (స్థలం మీద లావాదేవీలు చూపే సర్టిఫికెట్లు) తీసుకోవడానికి, మార్కెట్ విలువలు చూసుకోవడానికి వచ్చే స్థలాల బ్రోకరు. ఆ కుర్చీ ఆయనకు పట్టా ఇచ్చినట్టే ఉండేది. ఆయనే చూశాడని నేను రుజువు చెయ్యలేను. కానీ నాకు తెలుసు, మా కుర్రాడికీ తెలుసు. విషయం బయటపడ్డాక ఆయన మా మెట్లెక్కలేదు.

ఇంతకుముందు ఇందులో ఒక చిన్న ధైర్యం ఉండేది. ఫోన్‌లో నెట్ ఆపితే కంప్యూటర్‌లో వాట్సాప్ కూడా ఆగిపోయేది. 2021లో పద్ధతి మారడం మొదలైంది. ఇప్పుడు ఫోన్‌తో పాటు నాలుగు పరికరాల దాకా జోడించుకోవచ్చు, ఫోన్ స్విచాఫ్‌లో ఉన్నా అవి పనిచేస్తాయి. పద్నాలుగు రోజులకు పైగా ఫోన్ ముట్టుకోకపోతేనే వాటంతటవి తెగిపోతాయి. ఫోన్ ముట్టకుండా పద్నాలుగు రోజులు ఉండే మనిషిని మీరు చూశారా?

ఇలా ఒకసారి లాగిన్ అయ్యాక ఖాతా తెరిచే ఉండిపోవడాన్నే సెషన్ అంటారు. ఆస్పత్రిలో ఓపీ చీటీ లాంటిది. మొదటిసారి పేరు, వయసు అడిగి డబ్బు కట్టించుకుంటారు. తర్వాత చీటీ గడువు ఉన్నన్నాళ్ళూ దాన్ని చూపిస్తే చాలు, పేరు మళ్ళీ ఎవరూ అడగరు. చీటీ ఎవరి చేతిలో ఉంటే వాడే పేషెంటు. బ్రౌజర్ దాచుకునే కుకీ ఆ చీటీయే. దాన్ని ఎత్తుకుపోయేవాడికి మీ పాస్‌వర్డుతో పని లేదు, ఓటీపీతో అంతకన్నా లేదు. 2023 మార్చిలో లైనస్ టెక్ టిప్స్ అనే యూట్యూబ్ ఛానెల్ అలాగే పోయింది. కోటిన్నర మంది సబ్‌స్క్రైబర్లు, పొద్దస్తమానం కంప్యూటర్ల గురించే మాట్లాడే జనం. స్పాన్సర్ పంపిన పీడీఎఫ్ అనుకుని ఆఫీసులో ఎవరో ఒక ఫైలు తెరిచారు, అది కుకీలు పట్టుకుపోయింది. ఛానెల్‌లో క్రిప్టో మోసం లైవ్‌లు మొదలయ్యాయి. వాళ్ళ పాస్‌వర్డ్ మన పెద్దబ్బాయి పేరంత తేలికగా ఉండి ఉంటుందా?

ఇక్కడ నా కడుపుమంట ఒకటి చెప్పుకోనివ్వండి. స్కాలర్‌షిప్ ఫారం నింపుతుంటాం. కులం సర్టిఫికెట్ నంబరు, ఆదాయం నంబరు, బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ అన్నీ కొట్టి, ఫోటో సైజు తగ్గించి ఎక్కించేలోపు "సెషన్ ఎక్స్‌పైర్డ్" అని మొహాన పడేస్తుంది. మళ్ళీ మొదటినుంచి. వెనక పదిమంది లైన్లో. తెరిచి ఉండాల్సినచోట పది నిమిషాలు ఉండదు, మూసుకోవాల్సినచోట నెలల తరబడి ఉంటుంది.

ఇంకొకటి, మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చమని వేధించే ఆఫీసులు. మా మేనకోడలు అలాంటిచోటే పనిచేస్తుంది. చివర అంకె మాత్రం ఒకటొకటి పెంచుకుంటూ పోతోంది, ఇప్పుడు పదిహేడు దగ్గరుంది. పాస్‌వర్డులో అన్నిరకాల గుర్తులూ ఉండాలి, తరచూ మార్చాలి అన్న సలహాను 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కోసం రాసింది బిల్ బర్ అనే ఆయన. 2017లో ఆయనే, అలా రాసినందుకు ఇప్పుడు బాధపడుతున్నానని వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రికతో చెప్పారు. కారణం లేకుండా గడువు పెట్టి మార్పించొద్దని నిస్ట్ కూడా ఆ ఏడాదే రాసింది. మన ఆఫీసులకు ఆ కబురు ఇంకా చేరలేదు.

సరే, మీ సంగతి. ముందు వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూడండి. మీది కానిదాన్ని నొక్కితే లాగౌట్ వస్తుంది. గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ కింద మీ పరికరాల జాబితా ఉంటుంది, ఎప్పుడో తమ్ముడికి ఇచ్చేసిన పాత ఫోన్ కూడా అందులో కనబడి ఆశ్చర్యపోతారు. గూగుల్ పాస్‌వర్డ్ మారిస్తే చాలా పరికరాలు బయటికి పోతాయి గానీ అన్నీ పోవు. కొన్ని యాప్‌లు పాస్‌వర్డ్ మార్చేటప్పుడు మిగతా పరికరాల్లో లాగౌట్ చేయమంటారా అని అడుగుతాయి. మనం చదవకుండా దాటేస్తాం. మీరు మూడుసార్లూ దాటేశారని నా పందెం.

జీమెయిల్ కంప్యూటర్‌లో తెరిచి, సెట్టింగ్స్‌లో ఫార్వార్డింగ్ కూడా చూడండి. అక్కడ తెలియని అడ్రసు ఉంటే, మనిషిని గెంటేసినా ఉత్తరాలు వాడికి పోతూనే ఉంటాయి. పాస్‌వర్డ్ మర్చిపోతే ఓటీపీ వచ్చే రికవరీ నంబరు కూడా ఒకసారి చూసుకోండి. మీరు రీచార్జి మానేసి పోగొట్టుకున్న పాత సిమ్ నంబరు తొంభై రోజుల తర్వాత కొత్తవాళ్ళకు ఇచ్చేయవచ్చు. మీ ఓటీపీ వాళ్ళింట్లో మోగుతుంది. డబ్బు కూడా పోయి ఉంటే ఇక్కడ ప్రశ్నలు అడుగుతూ కూర్చోకండి, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇవన్నీ అయ్యాకే కొత్త పాస్‌వర్డ్. పొడుగ్గా ఉంటే చాలు, ఒక్కో ఖాతాకి ఒక్కోటి. గుర్తుండకపోతే నోటుబుక్‌లో రాసి బీరువాలో పెట్టుకోండి. దీనికి చాలామంది నన్ను తిడతారు. బీరువా దాకా వచ్చిన దొంగ బంగారం వదిలేసి మీ జీమెయిల్ పాస్‌వర్డ్ పట్టుకుపోతాడా?

మాస్టారి స్థలం ఆ వేసవిలో పదహారున్నరకి పోయింది. అల్లుడికి మాత్రం ఆయన ఈ కథ చెప్పలేదు, నన్నూ చెప్పొద్దన్నారు. ఆ తర్వాత ప్రింటుకి వస్తే పెన్ డ్రైవ్ తెచ్చుకునేవారు. స్కాన్ అన్న మాట వింటే ఫోన్ జేబులో పెట్టేసుకునేవారు.

జాబితాలో మీకేం కనబడిందో కింద రాయండి. తెలియని క్రోమ్ ఏదైనా ఉంటే, ఇంట్లోవాళ్ళని అనుమానించే ముందు మీరు ఈమధ్య ఏ జిరాక్స్ షాపుకి వెళ్ళారో గుర్తు తెచ్చుకోండి.