సోషల్ వర్క్ పరిశోధన సేకరణ బాధ్యత తీసుకున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెద్దనాన్న ఆశీస్సులు.

మహబూబ్‌నగర్‌లో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చేరిన వెంటనే సోషల్ వర్క్ చదువులకు పరిశోధన సేకరణను, అంటే పరిశోధనకు కావలసిన పుస్తకాలు, నివేదికల నిల్వను, ఏర్పాటు చేసే పని నీకు అప్పగించారని మీ నాన్న చెప్పినప్పుడు చాలా సంతోషించాను. ఏయే పుస్తకాలు కొనాలో జాబితా పంపమని అడిగావు. జాబితా పంపగలను గాని, ఈ శాస్త్రం విషయంలో కొన్న పుస్తకాలు సేకరణలో సగమే అవుతాయి. మిగిలిన సగం ఏ ప్రచురణకర్త దగ్గరా దొరకదు; దానిని నీవే ఆఫీసులు, సంఘాలు, ఊళ్లు తిరిగి కూడబెట్టాలి. గ్రంథాలయాల్లో పని చేసి పదవీ విరమణ పొందినవాడిగా నాకు తెలిసింది ఈ ఉత్తరంలో రాస్తున్నాను.

కొనుగోలు సంగతి ముందు ముగిస్తాను. కేస్ వర్క్, గ్రూప్ వర్క్, కమ్యూనిటీ ఆర్గనైజేషన్, సంక్షేమ పాలన, పరిశోధన పద్ధతులు, గణాంకశాస్త్రం వంటి పాఠ్యాంశాలకు రెండేసి ప్రతులు చాలు. మిగిలిన డబ్బును వేర్వేరు విషయాలకు ఖర్చు పెట్టు. మన దేశంలో ఈ చదువు 1936లో బొంబాయిలో దోరాబ్జీ టాటా పేరిట ఏర్పడిన పాఠశాలతో మొదలైంది. ఆ సంస్థ నుంచి 1940లో ఆరంభమైన ఇండియన్ జర్నల్ ఆఫ్ సోషల్ వర్క్ పాత సంపుటాలు ఎక్కడ దొరికినా వదలవద్దు. భారత ప్రభుత్వం 1968లోనూ, మళ్లీ 1987లోనూ వెలువరించిన సోషల్ వర్క్ విజ్ఞాన సర్వస్వం రెండు కూర్పులూ రిఫరెన్స్ అరలో పక్కపక్కన ఉంటే, ఒకే సమస్యను ఇరవై ఏళ్ల ఎడంలో ఎట్లా చూశారో విద్యార్థి పోల్చుకోగలుగుతాడు. విదేశీ పత్రికల చందాకు డబ్బు కేటాయించే ముందు మాత్రం ఆగు. 2025 జనవరిలో అమలులోకి వచ్చిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద 30 ప్రచురణ సంస్థల పత్రికలు దాదాపు 13,000 దాకా ప్రభుత్వ విద్యాసంస్థలకు అందేటట్లు ఏర్పాటు జరిగింది. ఆ జాబితాలో ఉన్నదానికి మళ్లీ డబ్బు కట్టడం మన వంటి చిన్న బడ్జెట్ గ్రంథాలయానికి తగదు.

ఇక పుస్తకాలు అరల్లో ఎక్కడ కూర్చుంటాయన్న సంగతి. పుస్తకాలను విషయాన్ని బట్టి సంఖ్యలతో అమర్చే డ్యూయీ వర్గీకరణలో సాంఘిక సమస్యలకు, సేవలకు 361, 362 సంఖ్యలు ఉన్నాయి కనుక సోషల్ వర్క్ అంతా అక్కడే దొరుకుతుందని కొత్త విద్యార్థులు నమ్ముతారు. నిజానికి అది పలు అరల్లో చెదిరి ఉంటుంది. నల్లగొండ ఫ్లోరోసిస్, అంటే నీటిలో ఫ్లోరైడు ఎక్కువై వచ్చే జబ్బు, మీద పని చేయాలనుకున్న విద్యార్థి సంగతి తీసుకో. మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లలో వంకర తిరిగిన ఎముకల గురించిన వైద్య గ్రంథం 610ల్లో ఉంటుంది. నీటి నుంచి ఫ్లోరైడును పటికతో, సున్నంతో తీసివేసే పద్ధతి, అంటే నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించగా నల్లగొండ టెక్నిక్ అనే పేరు పొందిన పద్ధతి, 628లో ఉంటుంది. భూగర్భ జలాల పుస్తకం 551లోకి పోతుంది. వికలాంగుల సేవలు 362లో మిగులుతాయి. ఆ విద్యార్థి ఒక్క 362 అర ముందు నిలబడి వెదికి, మన దగ్గర ఏమీ లేదనుకుని వెళ్లిపోతాడు. పాలమూరు వలస కూలీల సంగతి కూడా అంతే: జనం కదలిక 304లో, శ్రమ 331లో, కార్మిక చట్టం 344లో ఉంటాయి.

దీనికి మందు పుస్తకాలను స్థానం మార్చడం కాదు. ఒక్కొక్క స్థానిక సమస్యకు ఒక మార్గదర్శక పత్రం తెలుగులో రాసి బల్ల మీద పెట్టు; ఏ సంఖ్య దగ్గర ఏముందో, ఏ నివేదిక ఏ పెట్టెలో ఉందో అందులో ఉండాలి. కోహా సాఫ్ట్‌వేర్‌లో కేటలాగు చేసేటప్పుడు 690 అనే ఖానా (ఇది అర సంఖ్య కాదు) స్థానిక విషయ శీర్షికల కోసమే ఉంటుంది. అందులో వలస, గుంపు మేస్త్రీ (కూలీలను గుంపుగా పనికి తీసుకుపోయేవాడు), జోగిని (దేవుడి పేరిట అంకితం చేసిన స్త్రీ), వెట్టి, ఫ్లోరోసిస్, తండా వంటి మాటలను తెలుగు లిపిలోనే చేర్చు. మన పిల్లలు ఆ మాటలతోనే ఆలోచిస్తారు, ఆ మాటలతోనే వెదుకుతారు.

కూడబెట్టవలసిన సగంలో మొదటిది గణాంకాలు. ఇక్కడ నీవు చాలా జాగ్రత్తగా ఉండాలి బిడ్డా, ఎందుకంటే మన జిల్లాల హద్దులు మారిపోయాయి. 2011 జనగణన ప్రకారం మహబూబ్‌నగర్ జిల్లా జనాభా 40 లక్షలు దాటింది, అక్షరాస్యత 55.04 శాతం. ఆ అంకెలు నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట అన్నీ కలిసి ఉన్న ఉమ్మడి జిల్లావి. 2016 అక్టోబరు 11న ఆ జిల్లా విడిపోయింది. షాద్‌నగర్ రంగారెడ్డిలోకి, కొడంగల్ వికారాబాద్‌లోకి పోయాయి. 2019లో నారాయణపేట వేరే జిల్లా అయింది. నల్లగొండ కూడా సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరుపడి మూడు జిల్లాలైంది. అయినా ఇప్పటి చిన్న జిల్లాకు ఆ పాత శాతాన్నే అంటగట్టే సిద్ధాంత వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. అందుచేత మండలం పేరు, 2016కు ముందున్న జిల్లా, ఇప్పుడున్న జిల్లా చూపే పట్టిక ఒకటి తయారు చేసి ప్రతి జిల్లా జనగణన పుస్తకం లోపలి అట్టకు అతికించు. ఈ ఒక్క కాగితం పది కొత్త పుస్తకాలకంటె ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం.

చట్టాల ప్రతుల విషయంలోనూ ఇదే దృష్టి అవసరం. కొత్త చట్టం వచ్చిందని పాతదానిని తీసివేయవద్దు. వికలాంగుల 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది, 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. పాత చట్టం కాలంలో జరిగిన సర్వేను ఇప్పటి లెక్కతో పోల్చేవాడికి రెండు పాఠాలూ చేతిలో ఉండాలి. అంతర్రాష్ట్ర వలస కార్మికుల 1979 చట్టం, వెట్టిచాకిరి రద్దు చేసిన 1976 చట్టం, జోగిని ఆచారాన్ని నిషేధించిన 1988 రాష్ట్ర చట్టం మన ప్రాంతపు పరిశోధనకు పునాది పత్రాలు. వాటితో పాటు ఉపాధి హామీ సామాజిక తనిఖీ నివేదికలు, స్వచ్ఛంద సంస్థల వార్షిక నివేదికలు, దినపత్రికల జిల్లా పేజీల కత్తిరింపులు సేకరించు. పత్రికల కాగితం త్వరగా పసుపెక్కి విరిగిపోతుంది కనుక కత్తిరింపు చేతికి వచ్చిన వారంలోనే తేదీ, పత్రిక పేరు రాసి స్కాన్ చేయించు. తేదీ లేని కత్తిరింపు పరిశోధనకు పనికిరాదు.

అన్నింటికంటె విలువైనవీ, అన్నింటికంటె ప్రమాదకరమైనవీ మన విద్యార్థులు రాసిన డిసర్టేషన్లు (చదువులో భాగంగా సమర్పించే పరిశోధన వ్యాసాలు), క్షేత్రపని నివేదికలు. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు శోధగంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో దొరుకుతాయి, ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) డిసర్టేషన్‌కు మాత్రం సాధారణంగా మీ అరలోని ప్రతే దిక్కు. అవి పోతే ఒక ఊరి గురించి ఒక విద్యార్థి ఎండలో తిరిగి తెలుసుకున్నదంతా పోతుంది. అయితే ఆ పేజీల్లో నిజమైన మనుషులు ఉంటారు. పేరు మార్చినా, నలభై గడపల తండా పేరు, వయసు, పిల్లల సంఖ్య రాస్తే ఆ మనిషి ఎవరో చుట్టుపక్కల అందరికీ తెలిసిపోతుంది. జోగినిగా బతికిన స్త్రీ, హెచ్‌ఐవీ సోకిన వ్యక్తి, బాలల సంరక్షణ గృహంలో ఉన్న పిల్లవాడు మన గ్రంథాలయం వల్ల బయటపడకూడదు. బాలల న్యాయ చట్టం 2015, హెచ్‌ఐవీ చట్టం 2017 గోప్యతను చట్టపరమైన బాధ్యతగానే పెట్టాయి. అది చట్టం కాకపోయినా మనం పాటించవలసిందే.

కాబట్టి విభాగాధిపతితో మాట్లాడి ఒక నియమం రాయించు. కేస్ వర్క్‌లో ఒక్కొక్క వ్యక్తితో జరిగిన సంభాషణల నమోదు పుస్తకాలు గ్రంథాలయానికి అసలే రాకూడదు. అవి పర్యవేక్షకుల వద్దనే ఉండాలి. డిసర్టేషన్ అయితే గ్రంథాలయానికి చేరినవాటిని నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టర్‌లో ఎక్కించకముందే పేర్లు, ఫోటోలు, ఇంటి నంబర్లు తీసివేశారని పర్యవేక్షకులు సంతకం చేయాలి. సున్నితమైన వాటిని రిఫరెన్స్ బల్ల దగ్గర, అడిగినవారి పేరు రాసుకుని మాత్రమే చదవనివ్వు. దీని వల్ల విద్యార్థులకు ఇబ్బంది కలుగుతుందని ఎవరైనా అంటే వినయంగా విను, నియమం మాత్రం సడలించకు.

ఇంకొక మాట కూడా ఆ నియమంలో చేర్పించగలిగితే నాకు ఎంతో తృప్తి. ప్రతి డిసర్టేషన్‌తో పాటు రెండు పేజీల తెలుగు సారాంశం ఇవ్వాలి. దాని ప్రతి ఒకటి, అధ్యయనం జరిగిన ఊరి పంచాయతీకి అందాలి. తమ గురించి ఏమి రాశారో తెలుసుకునే హక్కు ఆ ఊరివారికి ఉంది, ఇంగ్లీషులో ఉన్న గ్రంథం వారికి ఏమీ చెప్పదు.

మన దగ్గర లేనివాటికి హైదరాబాద్ ఉంది. బేగంపేటలో 1980లో ఏర్పడిన ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం, రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ, ఉస్మానియా ప్రాంగణంలోని ఐ.సి.ఎస్.ఎస్.ఆర్. (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) దక్షిణ ప్రాంతీయ కేంద్రం గ్రంథాలయాధికారులకు ముందుగా ఉత్తరాలు రాసి, మన విద్యార్థులు పరిచయ పత్రంతో వస్తే చదువుకోనిస్తారా అని అడుగు. నల్లమల చెంచుల మీద మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1943లో ప్రచురించిన అధ్యయనం వంటివి కొనడం కంటె అక్కడ చూసుకోవడమే సులభం.

గోప్యత నియమం ముసాయిదా రాసిన తర్వాత నాకు పంపు, చదివి మార్పులు సూచిస్తాను. కొనవలసిన పుస్తకాల జాబితా, మండలాల పట్టికకు ఒక నమూనా ఈ ఉత్తరంతో పాటు పెడుతున్నాను.

మీ పెద్దనాన్న