డాక్టరుకి చెప్పకుండా ఏదీ మింగకు

చిరంజీవి శ్రీకాంత్‌కి,

అత్తయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీ ఎల్‌డీఎల్, అదే చెడ్డ కొలెస్ట్రాల్, 178 వచ్చిందట. కొలెస్ట్రాల్ తగ్గడానికి డాక్టరు రాసిన స్టాటిన్ మాత్ర వద్దని, సహజంగానే తగ్గించుకుంటానని ఆన్‌లైన్‌లో నాలుగు డబ్బాలు తెప్పించావట. 34 ఏళ్లకే ఎవరూ చెప్పకుండా రక్తపరీక్ష చేయించుకున్నావు, పొద్దున్నే లేచి కేబీఆర్ పార్కులో నడుస్తున్నావు. అది విని చాలా గర్వపడ్డాను. డబ్బాల సంగతి విన్నాక మాత్రం నిద్ర పట్టలేదు. మీ తాతయ్య 51వ ఏట గుండెపోటుతోనే పోయారు, మర్చిపోకు.

నువ్వు తెప్పించినవాటిలో ఇసబ్‌గోల్ పొట్టు మంచిదే. పేగుల్లో జిగురులా మారి పైత్యరసాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. పోయినదాన్ని మళ్లీ తయారుచేయడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ని లాక్కుంటుంది. రోజుకి 10 గ్రాముల దాకా, నిండు గ్లాసు నీళ్లతో తాగు. వేరే మాత్రలుంటే రెండు గంటలు ఎడం పెట్టు. ఎల్‌డీఎల్ మహా అయితే 10 శాతం తగ్గుతుంది, అంతకన్నా ఆశ పెట్టుకోకు. ఓట్స్, బార్లీ తిను. చేపనూనె పనిచేసేది రక్తంలోని ఇంకో రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్స్ మీద, ఎల్‌డీఎల్ మీద కాదు. గుగ్గులు అనే చెట్టు జిగురు మందు వద్దు. అమెరికాలో 2003లో వచ్చిన పరిశోధనలో దాన్ని వాడినవాళ్లకి ఎల్‌డీఎల్ తగ్గకపోగా కొంచెం పెరిగింది, కొందరికి దద్దుర్లు కూడా వచ్చాయి.

నాకు అసలు భయం నువ్వు తెప్పించిన ఆ రెడ్ ఈస్ట్ రైస్ గురించి. బియ్యం మీద ఎర్ర బూజు పెంచి చేస్తారు దాన్ని. అందులో పనిచేసేది మొనాకొలిన్ కె. అదీ, లోవాస్టాటిన్ అనే స్టాటిన్ మందూ రసాయనికంగా ఒక్కటే. అసలు స్టాటిన్లు బయటపడిందే బూజులో. 1970లలో జపాన్‌లో అకిరా ఎండో అనే శాస్త్రవేత్త మొదటిదాన్ని నీలిబూజులోనే పట్టుకున్నారు. అంటే నువ్వు భయపడి వద్దన్న జాతి మందునే ఎంత మోతాదో తెలియకుండా మింగబోతున్నావు. ఒక్కో కంపెనీ డబ్బాలో ఒక్కోలా ఉంటుంది. కొన్నిట్లో కిడ్నీలకి హాని చేసే సిట్రినిన్ కూడా దొరికింది. ఒళ్లు నొప్పులు, లివర్ ఇబ్బంది మాత్రతో వచ్చినట్టే దీంతోనూ రావచ్చు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు. 2009లో మీ మామయ్యకి ఎల్‌డీఎల్ 190 దాటింది. స్టాటిన్ రాశారు. వారం తిరక్కుండానే కాళ్లు లాగుతున్నాయన్నారు. డాక్టరుని అడిగి మోతాదు తగ్గించుకోవాలి, లేదా మందు మార్పించుకోవాలి. అలా చేయకుండా నేనే ఆపించేశాను. కాలనీలో ఒకావిడ చెబితే వెల్లుల్లి, అల్లం, నిమ్మరసం, ఆపిల్ సిడార్ వెనిగర్ కలిపి కాచి, చల్లారాక తేనె పోసి సీసాల్లో నింపాను. రోజూ పరగడుపున ఆయనకి ఒక చెంచా. వెల్లుల్లి ఒలిచి ఒలిచి వేళ్లు మండేవి. ఆయన కోసమే కదా అనుకునేదాన్ని.

అప్పుడు నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఊళ్లోవాళ్ల రక్తమంతా నా చేతుల మీదుగా పోయేది. ఇంట్లో మనిషి రక్తాన్ని మాత్రం తొమ్మిది నెలలు చూడలేదు. ఆయన రెండు కిలోలు తగ్గారు, ముఖం తేటగా ఉంది, ఇంక పరీక్ష ఎందుకనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ అంకె చూడటానికి భయపడ్డాను.

ఒక ఆదివారం మోండా మార్కెట్ నుంచి కూరగాయల సంచులు మోసుకొచ్చి మెట్ల మీదే కూలబడ్డారు. ఒళ్లంతా చెమటలు. దవడ లాగుతోందన్నారు. పంటి నొప్పేమో అని లవంగం ఇచ్చాను శ్రీకాంత్! అరగంట అలాగే పోయింది. ఆసుపత్రిలో స్టెంట్ వేశారు. ఆ రోజు తీసిన రక్తంలో ఎల్‌డీఎల్ 196. వంటింటి అలమరలో ఇంకా మూడు సీసాలు నిండుగా ఉన్నాయి. మనిషి దక్కారు కానీ గుండె పంపింగ్ తగ్గిపోయింది. ఇప్పటికీ మా రెండో అంతస్తు ఎక్కాలంటే మధ్యలో ఆగుతారు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నన్నొక మాట అనలేదు. ఆయన ఆగినప్పుడల్లా నేనూ పక్కనే ఆగుతాను.

అందుకే తిడుతున్నాను, పడు నాన్నా. థైరాయిడ్ పరీక్ష చేయించుకున్నావా? అది తక్కువగా ఉన్నా కొలెస్ట్రాల్ పెరుగుతుంది. తిండి, నడకతో కొన్నాళ్లు చూస్తానంటావా, ఆ మాట డాక్టరుతోనే అను. తాతయ్య సంగతి కూడా చెప్పు. గడువు ఆయన్నే పెట్టమను, మళ్లీ పరీక్ష తేదీ ఇప్పుడే ఫోన్‌లో రాసుకో. ఆ రోజు నువ్వు ఎంత బాగున్నట్టు అనిపించినా వెళ్లి చేయించుకో. ఛాతీలో గానీ దవడలో గానీ పట్టేసినట్టయి చెమటలు పడితే 108కి ఫోన్ చెయ్యి, ఇంట్లో ఎవరి మాటా వినకు, నా మాట కూడా.

శనివారం ఆ నాలుగు డబ్బాలూ, రిపోర్టూ సంచిలో వేసుకుని తార్నాక రా. జొన్నరొట్టె, మెంతికూర పప్పు చేస్తాను. తిన్నాక ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్దాం. మామయ్య కూడా వస్తానంటున్నారు.

నీ అత్తయ్య