టైమింగ్ చైన్ మార్చాక ఇంజిన్ పోయింది, మెకానిక్ మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. నాకు సొంత డీజిల్ కారు ఉంది, లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజిన్ ముందు వైపు గరగరమని చప్పుడు వస్తుంటే, తెలిసినాయన చెప్పాడని విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి తీసుకెళ్లాను. టైమింగ్ చైన్ సాగిందని చెప్పి కిట్ మొత్తం మార్చారు. సామానుకీ కూలీకీ కలిపి 24 వేలు ఫోన్‌పే చేశాను, బిల్లు ఇవ్వలేదు. తిరిగి వస్తుంటే పికప్ లేదు, ఇంజిన్ లైట్ వెలిగింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు గానీ, వాట్సాప్‌లో ఆ సంగతి చెబితే "కొత్త చైన్ కదా సార్, సెట్ అవుద్ది, వెళ్లిపోండి" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఊరు చేరకముందే టకటకమని కొట్టుకుని బండి ఆగిపోయింది. టోయింగ్ చేయించి ఖమ్మంలో ఇంకో మెకానిక్‌కి చూపిస్తే, టైమింగ్ ఒక పన్ను (చైన్ తిరిగే చక్రం పళ్లలో ఒకటి) తేడాగా పెట్టారు, వాల్వులు వంగి ఉంటాయి, హెడ్డు (వాల్వులుండే ఇంజిన్ పై భాగం) దించాలి, 70 వేల దాకా అవుతుందన్నాడు. ఇప్పటికి పై కవర్ మాత్రమే విప్పాడు. విజయవాడ మెకానిక్కేమో "మీ ఇంజిన్ ముందే అరిగిపోయింది, నాకేం సంబంధం లేదు, కావాలంటే బండి పంపండి చూస్తా" అంటున్నాడు. బిల్లు లేకుండా వేరే రాష్ట్రంలోని షెడ్డు మీద కేసు నిలుస్తుందా? ఇన్సూరెన్స్ ఏమైనా వస్తుందా?

జవాబు: వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, ఖమ్మంలోనే వేయొచ్చు, బిల్లు లేకపోయినా వేయొచ్చు. కానీ అవన్నీ తర్వాత సంగతి. ముందు ఖమ్మం మెకానిక్‌కి ఫోన్ చేసి హెడ్డు మీద చెయ్యి వేయొద్దని చెప్పండి. సెల్ఫ్ కూడా కొట్టొద్దనండి, స్కానర్ పెట్టి కోడ్‌లు క్లియర్ చేయొద్దనండి. మీ కేసు మొత్తం ఇప్పుడు ఆ ఇంజిన్ ఏ స్థితిలో ఉందో దాని మీదే ఆధారపడి ఉంది, ఒకసారి విప్పి బాగు చేయించేశాక విజయవాడాయన తప్పు చేశాడనడానికి మీ మాట తప్ప ఇంకేమీ మిగలదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. సేవలో లోపం జరిగిందని నిరూపించే బాధ్యత ఫిర్యాదుదారుదే అని సుప్రీంకోర్టు 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో స్పష్టంగా చెప్పింది. చాలామంది అనుకునేది వేరు: నేను డబ్బులు కట్టాను, బండి ఆగిపోయింది, తప్పు లేదని వాడే నిరూపించుకోవాలి అని. అలా ఉండదు. బండి ఆగిపోవడం ఒక్కటే సాక్ష్యం కాదు, లక్షా నలభై వేలు తిరిగిన ఇంజిన్ ఆగిపోవడానికి సవాలక్ష కారణాలుంటాయని అవతలి వకీలు మొదటి వాయిదాలోనే అంటాడు.

ఇక్కడ కొంచెం ఇంజిన్ సంగతి మాట్లాడుకోవాలి, ఎందుకంటే కమిషన్ ముందు మీరు చెప్పుకోవాల్సింది అదే. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) ఒక చుట్టు తిరగాలి, ఆ లెక్క తప్పకుండా పట్టి ఉంచేదే టైమింగ్ చైన్. మీలాంటి డీజిల్ ఇంజిన్లలో ఆ లెక్క తప్పితే పైకొచ్చే పిస్టన్‌కి తెరిచి ఉన్న వాల్వు తగులుతుంది, వాల్వులు వంగుతాయి, లేదా రాకర్లు విరుగుతాయి. అందుకే చైన్ మార్చేటప్పుడు మొదటి సిలిండర్ పిస్టన్‌ని పైకి తెచ్చి, క్రాంక్ మార్కూ క్యామ్ మార్కులూ కలిపి చైన్ ఎక్కిస్తారు. ఫియట్ వాళ్లు డిజైన్ చేసిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్ (మన రోడ్ల మీద ఒకటికి మించిన కంపెనీల కార్లలో ఇదే ఉంటుంది) లాంటివైతే క్రాంక్‌నీ క్యామ్‌లనీ లాకింగ్ పిన్నులతో బిగించి మరీ చేయాలి, పాత చైన్ మీద పెయింట్ చుక్కలు పెట్టుకుని అంచనాగా ఎక్కించడం పద్ధతి కాదు. అంతా బిగించాక టెన్షనర్ (చైన్‌ని బిగువుగా పట్టి ఉంచేది) వదిలి, సెల్ఫ్ కొట్టకుండా, క్రాంక్ పుల్లీకి స్పానర్ వేసి చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, మార్కులు మళ్లీ కలుస్తున్నాయో లేదో చూడాలి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆపేయాలి. ఐదు నిమిషాల పని, ఆ ఐదు నిమిషాలే చాలా షెడ్లలో ఉండవు.

విజయవాడ మెకానిక్ ఆ పని చేశాడా లేదా? కేసులో ఆయనకి పంపే క్వశ్చనేర్‌లో (రాతపూర్వక ప్రశ్నల జాబితాలో) నేనైతే మొదట అడిగేది ఇదే. లాకింగ్ టూల్ మీ దగ్గర ఉందా, ఎప్పుడు కొన్నారు, చేత్తో తిప్పి చూశారా, బండి ఇచ్చే ముందు స్కాన్ చేశారా, రిపోర్టు ఏది? ఈ నాలుగింటికి జవాబు లేకపోతే "ఇంజిన్ ముందే అరిగింది" అనే మాటకి బలం ఉండదు. పైగా నిజంగా అరిగిపోయి ఉంటే ఆ సంగతి చైన్ మార్చేముందే చెప్పాలి కదా.

ఇక్కడ ఒక చిక్కుంది, ఇప్పుడే చూసుకోవాలి. మీ ఖమ్మం మెకానిక్ "ఒక పన్ను తేడా" అంటున్నాడు. మొదటి నుంచీ తేడాగా పెడితే అంత దూరం ఎలా నడిచిందని అవతలివాళ్లు అడుగుతారు. దానికి సమాధానాలున్నాయి. కొన్ని ఇంజిన్లు ఒక పన్ను తేడాతో నడుస్తాయి, కానీ పికప్ ఉండదు, లైట్ వెలుగుతుంది, మీకు జరిగింది సరిగ్గా అదే. లేదా టైమింగ్ సరిగ్గానే పెట్టి, టెన్షనర్ సరిగా కూర్చోకపోయినా, క్యామ్ స్ప్రాకెట్ బోల్టు కావలసినంత బిగించకపోయినా దారిలో జారి ఉండొచ్చు. మూడోది, కిట్టే నాసిరకం అయి ఉండొచ్చు. కాబట్టి ఫిర్యాదులో "టైమింగ్ ఒక పన్ను తేడాగా పెట్టారు" అని ఒకే మాట రాసి దానికే కట్టుబడిపోకండి. టైమింగ్ తప్పుగా పెట్టారు, లేదా సరిగా బిగించలేదు, లేదా వాడిన సామాను నాసిరకం అని రాయండి. కిట్ కూడా ఆయనే తెచ్చి మీ దగ్గర డబ్బులు తీసుకున్నాడు కాబట్టి ఈ మూడింటిలో ఏది నిజమైనా బాధ్యత ఆ షెడ్డుదే. కిట్ మీరే బయట కొని ఇచ్చి ఉంటే కథ మారేది, అప్పుడు స్పేర్ పార్ట్స్ షాపుని కూడా ప్రతివాదిగా చేర్చాల్సి వచ్చేది.

సరే, ఇంజిన్ ఎలా విప్పించాలి? విజయవాడ మెకానిక్‌కి వాట్సాప్‌లోనూ స్పీడ్ పోస్టులోనూ నోటీసు పంపండి: ఫలానా తేదీన ఫలానా చోట ఇంజిన్ విప్పిస్తున్నాం, మీరు రండి లేదా మీ మనిషిని పంపండి, రాకపోతే మిగతావాళ్ల ముందు విప్పుతాం అని. వారం పది రోజుల గడువు ఇవ్వండి. వకీలే రాయాలని లేదు, మీరు రాసినా చెల్లుతుంది. ఆ రోజు మీ ఇద్దరికీ సంబంధం లేని, అర్హత ఉన్న మనిషి ఒకరు ఉండాలి. ఇన్సూరెన్స్ పనులు చేసే లైసెన్స్‌డ్ మోటార్ సర్వేయర్ గానీ, పాలిటెక్నిక్‌లోనో ఇంజినీరింగ్ కాలేజీలోనో మెకానికల్ చెప్పే లెక్చరర్ గానీ ఫీజు తీసుకుని వచ్చి రాతపూర్వకంగా రిపోర్టు ఇస్తే చాలు. 70 వేలు అడుగుతున్న మెకానిక్ ఇచ్చే సర్టిఫికెట్ ఒక్కటే పెడితే, పని దొరుకుతుందని చెప్పాడు అని కొట్టిపడేస్తారు.

వీడియో తీయండి, మధ్యలో ఆపకుండా. మొదట నంబర్ ప్లేటు, ఛాసిస్ నంబరు, మీటర్ రీడింగు కనపడాలి. తర్వాత స్కాన్ రిపోర్టు తీసి ప్రింటు తీసుకోండి. పీ0016 అనే కోడ్ గానీ ఉంటే అది క్రాంక్, క్యామ్ ఒకదానికొకటి కలవడం లేదని ఇంజిన్ కంప్యూటర్ తానే రాసిపెట్టుకున్న మాట. క్రాంక్‌ని చేత్తో మెల్లగా మార్కు దాకా తెచ్చి క్యామ్ మార్కులు ఎక్కడున్నాయో దగ్గరగా చూపించండి, టెన్షనర్ స్థితి చూపించండి. హెడ్డు ఆ తర్వాతే దించాలి. వంగిన వాల్వులు, పిస్టన్ మీద పడిన గాట్లు, చైను, టెన్షనర్ అన్నీ ఒక సంచిలో వేసి సీలు చేసి, వచ్చినవాళ్ల సంతకాలు పెట్టించి మీ దగ్గరే ఉంచుకోండి. ఇనుప సామాను వాడికి అమ్మేస్తే కేసు కూడా అమ్మేసినట్టే.

ఇదంతా కాదు, కమిషనే నిపుణుణ్ణి పంపాలని కోరుకుంటే అలా దరఖాస్తు పెట్టుకునే వీలుంది. కానీ ఆ ఉత్తర్వు వచ్చి, ఆ మనిషి వచ్చేదాకా కారు షెడ్డులోనే ఉంటుంది. లక్షలోపు గొడవకి నేనైతే పైన చెప్పిన పద్ధతే ఎంచుకుంటాను. కారుని ఏళ్ల తరబడి అలాగే వదిలేసి, ఆ నష్టమంతా ఇప్పించమన్నా ఇవ్వరు, నష్టం పెరగకుండా చూసుకోవడం మీ పని కూడా అని 1872 కాంట్రాక్టు చట్టంలోనే ఉంది.

బిల్లు గురించి టెన్షన్ అక్కర్లేదు. ఫోన్‌పే రసీదులో తేదీ, మొత్తం, ఎవరి పేరు మీద వెళ్లిందో, యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీ నంబరు) అన్నీ ఉంటాయి, బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా జత చేయండి. నిజానికి చేసిన పనికి బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) కింద అక్రమ వ్యాపార పద్ధతి, అది మీకే ఇంకో పాయింటు. డబ్బు వెళ్లిన పేరు, షెడ్డు బోర్డు మీది పేరు, ఓనరు పేరు వేరువేరుగా ఉంటే ముగ్గురినీ ప్రతివాదులుగా పెట్టండి. రేపు ఆర్డరు వచ్చాక "ఆ షెడ్డు నాది కాదు" అనే మాట వినాల్సి రాకుండా.

అన్నిటికంటే విలువైనది ఆ వాయిస్ మెసేజ్. లైట్ వెలిగిందని చెప్పాక కూడా నడుపుకుంటూ వెళ్లిపోమన్నాడు, అంటే "లైట్ వెలిగినా నడిపారు, తప్పు మీదే" అనే వాదనకి ఆయన గొంతుతోనే జవాబు ఉంది. మెసేజ్ ఒక్కటే కాకుండా దాని ముందూ వెనకా ఉన్న చాట్ మొత్తం ఉంచండి, ఫోన్ మార్చకండి, ఫార్మాట్ చేయకండి. కాపీ దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువీకరణ) జత చేయండి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్యం విషయంలో సివిల్ కోర్టులంత పట్టుగా ఉండవు గానీ, పై కోర్టుకి వెళ్లినప్పుడు అభ్యంతరం రాకుండా ఉంటుంది.

ఎక్కడ వేయాలంటారా, పాత 1986 చట్టంలోనైతే విజయవాడ వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు 2019 చట్టం సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు ఉండే చోట కూడా వేయొచ్చు, కాబట్టి ఖమ్మం జిల్లా కమిషన్ చాలు. మీరు కట్టిన మొత్తం 50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషనే, 5 లక్షల లోపు కాబట్టి ఫైలింగ్ ఫీజు కూడా లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. గడువు రెండేళ్లు. చట్టం మూడు నెలల్లో తేల్చాలంటుంది, పరీక్షలు అవసరమైతే ఐదు నెలలు. ఆ లెక్క నమ్ముకుని కూర్చోకండి, ఎక్కువే పడుతుంది. ఒక సంగతి మాత్రం మీకు కలిసొస్తుంది: నోటీసు అందాక అవతలివాళ్లు 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు వేయాలి, ఆ 45 దాటితే తీసుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లోనే తేల్చేసింది.

ఏం అడగాలి? కట్టిన 24 వేలు, రిపేరు ఖర్చు బిల్లుతో, టోయింగు, నిపుణుడి ఫీజు, మానసిక వేదనకి కొంత, కేసు ఖర్చులు. ఇదే ఛాన్సని క్లచ్చు, టర్బో కూడా మార్పించి అందులో కలపకండి, వాటి బిల్లు విడిగా రాయించండి. మానసిక వేదనకి ఐదు లక్షలని రాసేవాళ్లున్నారు, దానివల్ల మిగతా లెక్కల మీద కూడా నమ్మకం పోతుంది. ఆ షెడ్డులో "రిపేరుకి గ్యారంటీ లేదు" అని ఎక్కడైనా రాసి ఉందని వాళ్లంటే కంగారు పడొద్దు, గ్యారంటీ లేకపోవడం వేరు, పని తప్పుగా చేయడం వేరు. ఆ షరతు అన్యాయమైన ఒప్పందం, కొట్టేయండి అని మాత్రం విడిగా రిలీఫ్ అడక్కండి, అన్యాయపు ఒప్పందాల ఫిర్యాదులు వినే అధికారం రాష్ట్ర కమిషన్‌కి ఉంది తప్ప జిల్లాకి లేదు.

"బండి పంపండి చూస్తా" అన్నమాటకి ఇప్పుడే తలూపకండి. విప్పడం, వీడియో, రిపోర్టు అయ్యాక ఆయనే సొంత ఖర్చుతో చేసిస్తానంటే, ఏ సామాను వేస్తాడో, ఎన్ని రోజుల్లో ఇస్తాడో, ఎన్ని నెలలు బాధ్యత వహిస్తాడో కాగితం మీద రాయించుకుని ఒప్పుకోవచ్చు. సగం సగం భరిద్దామన్నా ఆలోచించండి. కేసు వేశాక కూడా సెక్షన్ 37 కింద మధ్యవర్తిత్వానికి వెళ్లే వీలుంది, చిన్న షెడ్డు మీద ఆర్డరు తెచ్చుకుని సెక్షన్ 71, 72 కింద అమలు కోసం తిరగడం కంటే చేతికొచ్చిన డబ్బు మేలు అనిపిస్తే అది మీ ఇష్టం. పోలీస్ స్టేషన్‌కి వెళ్లమని ఎవరైనా చెబితే ఇప్పుడే వద్దు. పాత చైనే కడిగి తిరిగి వేశాడనో, మీ ఇంజిన్‌లో మంచి సామాను తీసేశాడనో విప్పినప్పుడు బయటపడితే అప్పుడది మోసం, దాని దారి వేరు.

ఇన్సూరెన్స్ రాదు. మామూలు మోటార్ పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్, అరుగుదల మినహాయింపులు. ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా కట్టే కవరు కూడా ఎక్కువగా నీళ్లు పోవడం, ఆయిల్ కారిపోవడం వల్ల వచ్చే నష్టానికే, అయినా మీ పాలసీ కాగితం ఒకసారి చదవండి. కింద ఏదో తగిలిందని యాక్సిడెంట్ క్లెయిమ్ రాయించేద్దామని ఏజెంటో మెకానిక్కో సలహా ఇస్తే ఒప్పుకోకండి, ఆ క్లెయిమ్ ఫారం మీద మీ సంతకంతో ఉన్న కారణాన్నే తెచ్చి విజయవాడ మెకానిక్ కమిషన్ ముందు పెడతాడు.